తెర దాటి ఆటలోకి

బొమ్మను చూడడం ఒకటి. బొమ్మలోకి వెళ్ళడం మరొకటి. మొదటిది మనమంతా రోజూ చేస్తున్న పనే. రెండవదానికి మన కథలలో మయుణ్ణి పిలిచి సభ కట్టించవలసి వచ్చింది. ఆ సభలో నీళ్ళనుకొన్నచోట నేలా, నేలనుకొన్నచోట నీళ్ళూ ఎదురై దుర్యోధనుడు పడిన అవస్థ పాఠకులకు చెప్పనక్కరలేదు. నేటి మయులు ఆ సభను ఒక అట్టపెట్టెలో సర్ది ఇంటికి పంపుతున్నారు. కళ్ళకు గంతలు కట్టినట్లు ముఖానికి బిగించుకొనే పరికరం అది. దానిని హెడ్‌సెట్టు అంటారు, అది చూపించే లోకాన్ని వర్చువల్ రియాలిటీ అంటారు, పొదుపుగా వి.ఆర్. అంటే చాలు.

దాన్ని గురించి పత్రికలలో చాలా వచ్చింది. నేను చెప్పబోయేది ఆ పెద్ద వీధి పక్కనున్న ఒక సందు సంగతి. బల్లమీది కంప్యూటరు తెరకోసం తయారుచేసిన మామూలు ఆటలను, తయారుచేసినవారి ప్రమేయం లేకుండానే, హెడ్‌సెట్టులోకి మార్చి చూపించే సాఫ్టువేర్లు కొన్ని ఉన్నాయి. ఆటను ఒక లోకంనుంచి మరొక లోకానికి తర్జుమా చేస్తాయన్నమాట. తెలుగు ఎం.ఏ. చదివి, ఏళ్ళ తరబడి కాలేజీలో పద్యాలకు తాత్పర్యాలు చెప్పుకొనే మేష్టారికి వీడియో గేములతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఆ తర్జుమా అన్న మాటే నన్ను అటు లాగింది.

పందిరి వేశారు, వంట లేదు

వి.ఆర్. నిన్న మొన్న పుట్టినది కాదు. 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకొనే తెరను తయారుచేసి చూపించాడు. అది పైకప్పునుంచి దిగిన కడ్డీకి తగిలించి ఉండేది. అందులో కనిపించేవి గీతలతో గీసిన ఘనాకారాలు మాత్రమే. ఆ తరువాత చాలాకాలం అది ప్రయోగశాలల సొత్తుగానే ఉండిపోయింది. 2012లో ఓకులస్ అనే చిన్న కంపెనీ ప్రజలవద్ద చందాలు అడిగి సుమారు 24 లక్షల డాలర్లు పోగుచేసింది. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని కొన్నది. 2016 వచ్చేసరికి హెడ్‌సెట్లు దుకాణాలకెక్కాయి.

హెడ్‌సెట్లు వచ్చాయి సరే, ఆడడానికి ఆటలేవి? 2020లో వాల్వ్ కంపెనీ విడుదలచేసిన 'హాఫ్-లైఫ్: అలిక్స్' వంటి పెద్ద ఆటలు, అచ్చంగా వి.ఆర్. కోసమే తయారైనవి, బహు కొద్ది. కొనేవారు తక్కువ గనుక తయారుచేసేవారూ తక్కువే. రెండోవైపు చూస్తే, ముప్ఫయి ఏళ్ళుగా మామూలు తెరకోసం తయారైన ఆటలు వేలకొద్దీ పడి ఉన్నాయి. పెళ్ళికి పందిరి వేసి వంటవాళ్ళను పిలవడం మరిచినట్లయింది వ్యవహారం. అప్పుడు కొందరికి తోచింది: ఊళ్ళో ఉన్న వంటకాలనే ఈ పందిట్లోకి ఎందుకు తేకూడదు?

రెండు కళ్ళ రహస్యం

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే ముందు మన కళ్ళ సంగతి తెలియాలి. పాఠకులు ఒక్క క్షణం పత్రిక పక్కనపెట్టి, బొటనవేలు ముఖానికి ఎదురుగా నిలిపి, ఒకసారి ఎడమకన్నూ ఒకసారి కుడికన్నూ మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. మన రెండు కళ్ళమధ్య ఆరు, ఏడు సెంటీమీటర్ల ఎడం ఉన్నది. అందువల్ల ఏ కంటి బొమ్మ ఆ కంటిదే. ఆ రెండు బొమ్మల తేడాను మెదడు లెక్కకట్టి, ఇది దగ్గర, అది దూరం అని తేలుస్తుంది. ఈ సంగతిని 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించాడు. ఒకే వస్తువును రెండు కోణాలనుంచి గీసిన రెండు చదును బొమ్మలను, అద్దాల సాయంతో ఒక్కొక్క కంటికి ఒక్కొక్కటి చూపించాడు. కాగితంమీది గీతలు ఉబికి గాలిలో నిలిచాయి. నేటి హెడ్‌సెట్టు ఆ పెట్టెకు మునిమనుమరాలు.

కనుక మామూలు ఆటను వి.ఆర్.లోకి తేవాలంటే మొదటి పని, ఒక్క బొమ్మ ఉన్నచోట రెండు బొమ్మలు పుట్టించడం. సినిమాలో ఇది మహాకష్టం. కెమేరా ఒక్క కన్నుతో చూసిన తరువాత లోతు పోయినట్లే. 2012లో 'టైటానిక్' చిత్రాన్ని మళ్ళీ 3డిగా విడుదలచేసినప్పుడు, బొమ్మలోని ఏ వస్తువు ఎంత దూరంలో ఉన్నదో పనివాళ్ళు కూర్చుని విడదీయవలసి వచ్చింది.

ఆట సంగతి వేరు. ఇప్పటి ఆటలలో అధికభాగం, తెరమీద చదునుగా కనిపిస్తున్నా, కంప్యూటరు కడుపులో పొడవు, వెడల్పు, ఎత్తులతో సహా ఉంటాయి. గోడ ఎక్కడున్నదో, గోడ వెనుక మనిషి ఎంత దూరంలో ఉన్నాడో దానికి తెలుసు. సెకనుకు అరవైసార్లు అది ఒక స్థానంలో నిలబడి ఆ లోకాన్ని కొత్తగా గీసి మనకు చూపిస్తున్నది. కనుక రెండో కన్నుకు కావలసినదల్లా, కాస్త పక్కకు జరిగి మరొకసారి గీయమని దానికి చెప్పడం. లోతు ముందునుంచీ ఉన్నదే. అడిగేవాడు లేకపోయాడంతే.

దుబాసీ పని

అడిగేవాడే ఈ సాఫ్టువేరు. వెనుక దొరలకూ మనవాళ్ళకూ మధ్య దుబాసీ ఉండేవాడు గదా, అలాగే ఇది ఆటకూ బొమ్మలు గీసే గ్రాఫిక్సు కార్డుకూ మధ్య చొరబడి కూర్చుంటుంది. ఆట పంపే ఉత్తరువులను దారిలో పట్టుకొని, మార్చి, ముందుకు పంపుతుంది. ఆటకు ఈ సంగతి తెలియదు. తాను ఎప్పటిలాగే చదును తెరమీద ఆడుతున్నాననే దాని నమ్మకం.

ఈ దుబాసీలలో పేరుపడినది 'వోర్ప్‌ఎక్స్'. రాల్ఫ్ ఓస్టర్‌టాగ్ అనే ఆయన 2013లో దీన్ని అమ్మకానికి పెట్టాడు. ఇందులో రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఇప్పుడు చెప్పినట్లు ప్రతి దృశ్యాన్నీ నిజంగా రెండుసార్లు గీయించడం. ఇది ఉత్తమం, కాని యంత్రానికి రెట్టింపు చాకిరీ. రెండోది, ఒక్కసారే గీయించి, ప్రతి చుక్కా ఎంత దూరంలో ఉన్నదో చెప్పే పట్టికను కంప్యూటరువద్ద తీసుకొని, దాని ప్రకారం చుక్కలను అటూ ఇటూ జరపడం. ఇది తేలిక. అయితే మనిషిని పక్కకు జరిపితే అతని వెనుక బయటపడే గోడముక్క ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఊహించి పూయవలసిందే. అందుచేత అంచులవద్ద రంగు అలికినట్లుంటుంది. నా భాషలో చెప్పాలంటే మొదటిది అనువాదం, రెండోది కథా సంగ్రహం.

మూడో మార్గం ల్యూక్ రాస్ అనే ఆయనది. ఒక బొమ్మ ఎడమకంటికి, తరువాతి బొమ్మ కుడికంటికి, ఇలా వంతులవారీగా పంచడం. చాకిరీ పెరగదు. అయితే రెండు కళ్ళూ చూసేది ఒకే క్షణం కాదు గనుక, వేగంగా కదిలే వస్తువులు కాస్త వణుకుతాయి.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది 'ప్రేడాగ్' అన్న మారుపేరుగల ఒక ప్రోగ్రామరు చేసిన పని. 2023-24 సంవత్సరాల సంధిలో అతను 'యు.ఇ.వి.ఆర్.' అనే సాఫ్టువేరును ఉచితంగా లోకానికి వదిలాడు. ఎపిక్ కంపెనీవారి 'అన్‌రియల్ ఇంజన్' మీద లెక్కలేనన్ని ఆటలు తయారవుతాయి. ఒకే మేస్త్రీ ప్లానుతో కట్టిన ఇళ్ళవంటివి అవి. వి.ఆర్.కు కావలసిన రెండు కళ్ళ ఏర్పాటు ఆ ప్లానులోనే ఉన్నది. చాలామంది దాన్ని వాడుకోక తలుపు మూసిపెట్టారు. ఒక ఇంట్లో ఆ తలుపు ఎక్కడున్నదో కనిపెట్టగలిగితే తక్కిన ఇళ్ళలోనూ వెదకడం సులభం గదా. ప్రేడాగ్ చేసినది అదే. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క తాళంచెవి చేసుకొనే రోజులు పోయి, ఒకే తాళంచెవి వేల తలుపులకు పట్టింది.

పిల్లి వెంట

ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ సరంజామా అంతా మోసుకొచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, 'మావయ్యా, ముందు మీకు పిల్లి ఆట' అంటూ హెడ్‌సెట్టు బిగించాడు. ఆ ఆట పేరు 'స్ట్రే'. 2022లో ఫ్రాన్సుదేశపు కంపెనీ ఒకటి అన్‌రియల్ ఇంజనుమీద తయారుచేసినది. మనుషులు లేని ఒక మూతపడిన నగరంలో, మరమనుషుల మధ్య దారి వెదుక్కొంటూ తిరిగే పిల్లి కథ. హాంకాంగులో ఒకప్పుడుండి 1990లలో కూల్చివేసిన కౌలూన్ గోడల నగరం దానికి ప్రేరణ.

అంతకుముందు దాన్ని తెరమీద చూశాను. చక్కని బొమ్మ అనుకొన్నాను. ఇప్పుడు ఆ పిల్లి నా మోకాళ్ళ ముందున్నది. తల వంచితే దాని వీపు కనిపించింది. తలెత్తితే, ఇరుకు సందుకు అటూ ఇటూ మేడమీద మేడ, తీగెలు, రంగురంగుల దీపాల బోర్డులు. పాతబస్తీ సందులో నిలబడి పైకి చూసినట్లున్నది. మెడ చాచి మూల తిరిగి తొంగిచూస్తే, మూల అవతల ఏమున్నదో కనిపించింది! కంప్యూటరు తెర మన చూపులో కొద్దిభాగాన్నే ఆక్రమిస్తుంది. హెడ్‌సెట్టు సుమారు నూరు డిగ్రీలమేర కమ్ముతుంది. కిటికీలోంచి చూడడానికీ గుమ్మం దాటడానికీ ఉన్నంత తేడా.

నాకంటె పెద్ద ఆశ్చర్యం మా కాలేజీ లెక్కల మేష్టారికి కలిగింది. ఆయనకు చిన్ననాటినుంచి మెల్లకన్ను. రెండు కళ్ళ బొమ్మలూ ఆయన మెదడులో కలవవు. 3డి సినిమాకు వెళితే, చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు చాచి పక్షులను పట్టుకోబోతుంటే తాను ఊరికే కూర్చుని వచ్చేవాడినని చెప్పేవారు. హెడ్‌సెట్టు పెట్టినప్పుడు కూడా మొదట, 'నాకు మామూలుగానే ఉందండీ' అన్నారు. మా వాడు, 'ఒక్కసారి తల అటూ ఇటూ కదపండి సార్' అన్నాడు. ఆయన కదిపారు. దగ్గరి దీపస్తంభం ఎక్కువ జరిగింది. వెనుక గోడ తక్కువ జరిగింది. ఆయన తల ఆపలేదు. కాసేపటికి, 'స్తంభం ముందుంది' అన్నారు, చాలా మెల్లగా. తరువాత కాఫీ తాగుతూ మాకు పాఠం చెప్పారు: తల జరిపి దూరం తెలుసుకోవడానికి ఒక్క కన్ను చాలు, భూమి సూర్యుని చుట్టూ తిరిగే కదలికను ఆధారం చేసుకొని బెసెల్ నక్షత్రం దూరాన్ని కొలిచినది ఈ సూత్రంతోనే. అది కూడా 1838లోనేనట!

ఇక్కడ ఒక ముఖ్య విషయమున్నది. కొన్ని మార్పిడులలో హెడ్‌సెట్టు ఎలుక పని మాత్రమే చేస్తుంది. తల తిప్పితే చూపు తిరుగుతుంది, తల జరిపితే ఏమీ జరగదు. యు.ఇ.వి.ఆర్. వంటివి తిప్పడాన్నీ జరపడాన్నీ కూడా పట్టుకొంటాయి. లెక్కల మేష్టారికి లోతు దొరికినది ఆ రెండో దానివల్ల.

దుబాసీకి లొంగనివి

అంతా ఇంత సొగసుగా ఉంటుందని నమ్మకండి. తెరకోసం తయారైన ఆట నాటకం సెట్టింగువంటిది. ప్రేక్షకుడు ఎక్కడ కూర్చుంటాడో తెలిసి కట్టినది. వింగులోకి వెళ్ళి చూస్తే అట్టలూ మేకులూ కనిపిస్తాయి. దూరపు చెట్లు కొన్ని చదును అట్టలని తెలిసిపోతుంది. వీరుడి కళ్ళతో చూసే ఆటలో కిందికి చూసుకొంటే ఒక్కొక్కప్పుడు కాళ్ళుండవు. గాలిలో రెండు చేతులు మాత్రం తేలుతుంటాయి. నీడలూ, నీటిలో ప్రతిబింబాలూ ఒక కంటికి కనిపించి మరో కంటికి కనిపించకపోవచ్చు. కొలతలదీ చిక్కే. ఆటలోని రెండు కళ్ళ ఎడం పెంచితే లోకమంతా బొమ్మరిల్లయిపోతుంది. తగ్గిస్తే మనుషులు ధ్వజస్తంభాలవుతారు. దాన్ని చేతితో సరిచేసుకోవాలి.

కథ చెప్పే ఘట్టాలు మరీ ఇబ్బంది. దర్శకుడు కెమేరాను ఇక్కడినుంచి అక్కడికి గెంతిస్తాడు. తెరమీద అది సినిమాయే. హెడ్‌సెట్టులో మాత్రం మనల్ని మెడపట్టి విసిరినట్లుంటుంది. అందుకని ఆ ఘట్టాలను ఎదుట ఒక పెద్ద తెర కట్టినట్లు చూపించే సదుపాయం పెట్టారు.

ఇక కడుపులో తిప్పడం. ఘాటురోడ్డు బస్సులో పుస్తకం చదివితే చెవిలోపలి తూకం 'కదులుతున్నాం' అంటుంది, కన్ను 'కదలడంలేదు' అంటుంది. ఆ తగవు కడుపు తీరుస్తుంది. ఇక్కడ తగవు తిరగబడుతుంది: కన్ను పరుగెత్తుతుంది, ఒళ్ళు కుర్చీలో ఉంటుంది. బొమ్మ తడబడితే బాధ మరింత ఎక్కువ. తెరకు సెకనుకు 60 బొమ్మలు చాలినచోట, హెడ్‌సెట్టుకు 90 కావాలంటే రెండు కళ్ళకూ కలిపి 180. అంటే మూడింతలు. పాత కంప్యూటరు ఈ బరువు మోయలేదు. మరొక హెచ్చరిక: నలుగురితో కలిసి పందెంవేసి ఆడే ఆటలలో మోసాన్ని పట్టే కాపలా ఉంటుంది. అది ఈ దుబాసీని కూడా దొంగగా లెక్కకట్టి ఆటగాణ్ణి వెలివేయవచ్చు. కనుక ఒంటరిగా ఆడే ఆటలకే దీన్ని వాడాలి. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మెటా సంస్థ తన హెడ్‌సెట్లకు కనీస వయస్సు 13 అని పెట్టి, 2023లో తల్లిదండ్రుల అజమాయిషీమీద 10కి తగ్గించింది. అంతకన్న చిన్నవాళ్ళకు వద్దనే అర్థం.

హక్కు ఎవరిది?

అసలు చిక్కు ఇవేవీ కావు. ఒకరి కృతిని మరొకరు మరొక రూపంలోకి తెస్తే దానిమీద ఎవరి హక్కు ఎంత? పైన చెప్పిన ల్యూక్ రాస్ తన మార్పిడులను నెలసరి చందా తీసుకొని ఇచ్చేవాడు. 2022లో టేక్-టూ కంపెనీ కాపీరైటు కింద అభ్యంతరం చెప్పగా, ఆ కంపెనీ ఆటలకు చేసినవాటిని తొలగించాడు. 2026 జనవరిలో 'సైబర్‌పంక్ 2077' తయారుచేసిన సి.డి. ప్రాజెక్టువారూ అభ్యంతరం చెప్పారు. అభిమానులు ఊరికే పంచుకొంటే సరే, మా ఆటమీద సొమ్ము చేసుకోవడానికి మా అనుమతి కావాలన్నారు. నా సాఫ్టువేరులో మీ ఆట ముక్క ఒక్కటీ లేదు, ఎవరి ఆట వారు కొనుక్కొనే రావాలి గదా అని అతని వాదం.

నేను రెండు వాదాలనూ తేలికగా కొట్టివేయలేను. కొన్నేళ్ళ క్రితం విద్యార్థులకోసం ఒక పద్యకావ్యానికి వచనం వ్రాశాను. రెండు వేసవి సెలవులు పట్టింది. ఒక ప్రచురణకర్త దాన్ని అచ్చువేశాడు. నా పేరు మాత్రం ఎక్కడా వేయలేదు. అడిగితే, 'కథ మీది కాదుగదా మేష్టారూ' అన్నాడు. నిజమే, కథ నాది కాదు. అయితే ఆ వాక్యాలు ఎవరివి? ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకొంటూనే ఉన్నది.

మన మెదకు సీమ కొలిచాలకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు వ్రాస్తూ, మూలంలో లేనిది వ్రాయనని ప్రతిజ్ఞచేశాడు. కాళిదాసు కీర్తి ఆయన తగ్గించలేదు. ఆయన కీర్తిని కాళిదాసు మింగలేదు. మంచి మార్పిడికి లక్షణం అదేనని నాకు తోస్తుంది. లేని లోతు కల్పించకూడదు; ఉన్న లోతు దాచకూడదు. మూలకర్త అనుమతి లేనిదే అంగడి పెట్టకూడదు. అలాగే మూలకర్త కూడా తాను తెరవని తలుపును మరొకరు తెరిస్తే వెంటనే పోలీసును పిలవనక్కరలేదు. తెరవాలనుకొంటే తానే తెరవవచ్చు. 2017లో 'స్కైరిమ్' ఆటకూ, 2023లో 'రెసిడెంట్ ఈవిల్ 4' ఆటకూ వాటి కంపెనీలే వి.ఆర్. రూపం ఇచ్చాయి. కవే తన కావ్యానికి టీక వ్రాసుకొన్నట్లు.

యు.ఇ.వి.ఆర్. విషయంలో నన్ను కదిలించినది ఆ తాళంచెవికంటె దాని చుట్టూ చేరిన జనం. ఒక్కొక్క ఆటకు ఏ కొలత ఎంత ఉండాలో, చేతిలో కత్తి ఎలా నిలవాలో రాత్రులు కూర్చుని సరిచేసి, ఆ అమరికలను ఊరికే పంచిపెడుతున్నారు. ప్రతులు వ్రాసి పెట్టిన పాత లేఖకులు గుర్తుకువచ్చారు.

మా మేనల్లుడు ఇప్పుడు 'రాజి' అనే ఆట పట్టుకొన్నాడు. 2020లో పూణేవారు తయారుచేసినది. అన్‌రియల్ ఇంజనే. తమ్ముణ్ణి వెదుక్కొంటూ రాజస్థాన్ కోటలవంటి కోటలలో తిరిగే పిల్ల కథ. అందులో కథ చెప్పే ఘట్టాలు కొన్ని తోలుబొమ్మలాటలా నడుస్తాయి. అవి చదునుగానే ఉండాలి, వాటిని ముట్టుకోనన్నాడు. ఆ వివేకం నాకు నచ్చింది. కోటలను మాత్రం మనిషి ఎత్తునుంచి చూపించాలని వాడి పట్టుదల. పూర్తయ్యాక ఊరికే అందరికీ ఇచ్చేస్తాడట.

'ఇవ్వరా, తప్పక ఇవ్వు. కింద మాత్రం నీ పేరు వ్రాసుకో' అన్నాను.